త్యాగయ్య కథల్లో నిజమెంత? – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

త్యాగరాజస్వామి ఆరాధన జరిగే పుష్య బహుళ పంచమి దగ్గరపడుతుంటే ఆయన గురించి ఉత్తరాలు పెరుగుతాయి. ఈసారి వచ్చినవాటిలో ఎక్కువ భాగం ఒకే సందేహం చుట్టూ తిరిగాయి. ఆయన గురించి మనకు తెలిసిందంతా ఎవరో చెప్పగా విన్నదే కదా, అందులో దేన్ని నమ్మాలి? ఒకే రకం ప్రశ్నల్ని కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: హరికథలో ఒక త్యాగయ్య, సినిమాలో ఒక త్యాగయ్య, పాఠ్యపుస్తకంలో ఇంకొక త్యాగయ్య. అసలు ఆయన గురించి మొదట రాసిందెవరు? – తెనాలి పాఠకుడు

జవాబు: ఆయన తన చరిత్ర తాను రాసుకోలేదు. మొదట రాసింది శిష్యులు. వాలాజాపేట వేంకటరమణ భాగవతార్ (1781–1874) తమిళదేశంలో స్థిరపడ్డ సౌరాష్ట్రుల ఇంటివాడు. గురువు పాడుతుంటే కీర్తనలు రాసిపెట్టినవాళ్లలో ముఖ్యుడు. ఆయన, ఆయన కొడుకు కృష్ణస్వామి భాగవతార్ గురువు గురించి తెలుగులో చిన్న చిన్న జీవితకథనాలు రాశారు. ఆ ఇంటి రాతప్రతులు తరవాత మధురైలోని సౌరాష్ట్ర సభకు చేరాయి. మద్రాసు వాసి చిన్నస్వామి ముదలియార్ 1893లో పాశ్చాత్య స్వరలిపిలో కీర్తనలు అచ్చువేసినప్పుడు కృష్ణస్వామి భాగవతార్‌నే పాడించుకుని రాసుకున్నాడు. అంటే ఆ పుస్తకం కూడా వాలాజాపేట గొంతే.

రెండో దారి ఎట్టయపురం నుంచి వచ్చింది. సుబ్బరామ దీక్షితులు 1904లో తెలుగులో ప్రచురించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో వాగ్గేయకారుల, అంటే పాట రాసి తామే స్వరపరిచినవాళ్ల, చరిత్ర ఒక భాగం. అందులో త్యాగరాజు గురించీ ఉంది. అయితే సుబ్బరామ దీక్షితులు పుట్టింది 1839లో. త్యాగరాజు పోయేనాటికి ఏడేళ్లవాడు. పైగా ఆయనది త్యాగరాజు కాలపు మరో వాగ్గేయకారుడు ముత్తుస్వామి దీక్షితుల ఇల్లు. కాబట్టి ఇది శిష్యుడి సాక్ష్యం కాదు, పక్కింటి పెద్దమనిషి సాక్ష్యం. దాని విలువ దానికుంది. పొగడాల్సిన మొహమాటం తక్కువ, దగ్గరనుంచి చూసిన వివరమూ తక్కువ.

మిగిలినవాటిలో చాలా భాగం ఈ రెండు దారుల నుంచి, ఉమయాళ్పురం, తిల్లైస్థానం శిష్యుల ఇళ్లలో నోటిమాటగా నిలిచిన సంగతుల నుంచి పెరిగినవే. పెరగడం అన్నది కావాలనే అంటున్నాం. హరిదాసుకు రాత్రి నాలుగు గంటలు కథ నడవాలి. సినిమాకు ప్రతినాయకుడు కావాలి. 1946లో నాగయ్యగారి ‘త్యాగయ్య’ వచ్చాక తెలుగువాళ్ల మనసులో త్యాగరాజు ముఖం నాగయ్య ముఖమే అయిపోయింది. ఆయన నటన గొప్పతనం అది. చరిత్రకు మాత్రం చిక్కు.

ఏ కథ విన్నా ముందు మూడు సంగతులు అడగండి. చెప్పినవాడు ఆ రోజు అక్కడున్నాడా? లేకపోతే ఎవరి దగ్గర విన్నాడు? రాసింది ఎన్నేళ్ల తరవాత? ఈ మూడింటికీ జవాబు దొరకని కథను కథగానే ఆనందించండి, తప్పులేదు. స్మారక సంచికల్లో మాత్రం ‘జరిగింది’ అని రాయకండి.

ప్రశ్న: అన్నగారు శ్రీరామ విగ్రహాల్ని కావేరిలో పడేశాడన్నది నిజమా? ‘ఎందు దాగినాడో’ అప్పుడే పాడారని మా సంగీతం మాస్టారు చెప్పారు. – విజయనగరం పాఠకురాలు

జవాబు: కథ మీకు తెలిసిందే. తంజావూరు రాజు పిలుపును తమ్ముడు కాదన్నాడు. ఇంటికి రావలసిన డబ్బు పోయిందని అన్న కోపంతో విగ్రహాల్ని నదిలో విసిరేశాడు. త్యాగరాజు ఏడ్చి వెతికి, చివరకు ఇసుకలో కనుక్కున్నాడు. దీనికి నాలుగు కీర్తనల్ని సాక్ష్యంగా చూపిస్తారు: ‘నిధి చాల సుఖమా’ (కల్యాణి రాగం), ‘ఎందు దాగినాడో’ (తోడి), ‘నేనెందు వెతుకుదురా’ (కర్ణాటక బేహాగ్), ‘కనుగొంటిని’ (బిలహరి). పల్లవులు వరసగా చదివితే కథ దానంతటదే తయారవుతుంది. అనుమానం రావలసింది కూడా అక్కడే.

చరణాల్లోకి వెళ్లండి. ‘ఎందు దాగినాడో’లో దాగడం అంటే ఏమిటో ఆయనే విడమరిచాడు. ప్రహ్లాదుడి కోసం కంబంలో ఉండలేదా, సుగ్రీవుణ్ని వాలి కొడుతుంటే తాళతరువు మరుగున నిలవలేదా, అలాగే ఇప్పుడూ ఎక్కడో ఉన్నాడు, సమయానికి వస్తాడు అని మనసుకు చెప్పుకుంటున్నాడు. నది లేదు, విగ్రహం లేదు. ‘నేనెందు వెతుకుదురా’ అనుపల్లవిలో ‘ఆ నాలుగు ముఖముల వాని మొరను విని రాని’ వాడివి అంటాడు. బ్రహ్మ పిలిస్తేనే రానివాణ్ని నేనెక్కడ వెతకను అన్న వాదన అది. పోయిన వస్తువును వెతికే మాట కాదు. ‘కనుగొంటిని’లో భరత లక్ష్మణ శత్రుఘ్నులు కొలుస్తుంటే, హనుమంతుడు పాదాలు పట్టగా, సుగ్రీవాదులు స్తుతించే నిండు కొలువు కనిపిస్తుంది. అందులో ఇసుక జాడ లేదు.

ఇక ‘నిధి చాల సుఖమా’. అందులో ఉన్నది ‘మమత బంధనయుత నరస్తుతి సుఖమా’ అన్న సూత్రం. శరభోజి పేరుగానీ తంజావూరు ఊసుగానీ లేదు. రెండో శరభోజి ఏలింది 1798 నుంచి 1832 వరకు. అంటే త్యాగరాజు ముప్ఫై ఒకటో ఏట నుంచి అరవై అయిదో ఏట దాకా. ఈ ముప్ఫై నాలుగేళ్లలో ఎప్పుడైనా పిలుపు వచ్చి ఉండవచ్చు. వచ్చిన రోజే ఈ పాట పుట్టిందని చెప్పడానికి పాటలో ఆధారం లేదు.

అలాగని అన్నదమ్ముల పేచీ మొత్తం కల్పన అనీ అనలేం. ‘అన్యాయము సేయకురా’ (కాపి)లో ‘నా పూర్వజు బాధ’ అన్న మాట ఉంది. పూర్వజుడంటే తనకన్నా ముందు పుట్టినవాడు. ‘నాదుపై పలికేరు నరులు’ (మధ్యమావతి) మొదటి మాటలోనే ఊరివాళ్ల నింద వినిపిస్తుంది. ‘ఎందు దాగినాడో’లో దేవుడు దాగి కాపాడిన సందర్భాలు ఎన్నో ఉండగా, అన్న చేతిలో దెబ్బలు తిన్న తమ్ముడు సుగ్రీవుడి సందర్భాన్ని ఏరుకోవడం కూడా గమనించదగ్గది. అదీ సూచనే, రుజువు కాదు.

కాబట్టి మా తూకం ఇది. ఇంట్లో అన్నతో బాధ ఉండేదన్నది పాటలోనే ఉంది, నమ్మవచ్చు. రాజాశ్రయం వద్దనుకున్నాడన్నది ఆయన మాటలకూ బతికిన తీరుకూ సరిపోతుంది. విగ్రహాలు నదిలో పడడం నోటిమాట కథ. అన్న పేరు కూడా కథనాన్ని బట్టి మారుతుంది. కొందరు పంచనదబ్రహ్మం అంటారు, కొందరు జపేశుడంటారు. తాత గిరిరాజ కవిని ఒకరు తల్లి తండ్రి అంటే ఇంకొకరు తండ్రి తండ్రి అంటారు. చుట్టరికమే తేలని చోట సంభాషణలు మాత్రం పొల్లుపోకుండా దొరికాయంటే, అవి ఎవరో తరవాత రాసిపెట్టిన మాటలే.

ప్రశ్న: తిరుమలలో తెర దానంతటదే పడిపోయిందంటారు కదా? – చిత్తూరు పాఠకుడు

జవాబు: ‘తెర తీయగ రాదా’ (గౌళిపంతు) పూర్తిగా పాడుకోండి. ‘తెర తీయగ రాదా లోని, తిరుపతి వేంకటరమణ, మత్సరమను తెర’. తెర అసూయ. అది ఉన్నది ‘నాలోని’ అని అనుపల్లవి మళ్లీ చెబుతుంది. చరణాల్లో పోలికలు ఎంత ఇంటి పోలికలో చూడండి. ఆకలికొన్న చేప గాలానికి చిక్కినట్టు, మంచి దీపం ముందు మరుగు అడ్డం వచ్చినట్టు, హాయిగా భోంచేస్తుంటే ఈగ తగిలినట్టు ఉందంటాడు.

ఆయన తిరుమల వెళ్లాడన్నది నమ్మదగ్గదే. ‘వేంకటేశ నిను సేవింప’ (మధ్యమావతి) కూడా ఉంది. ఆ ప్రయాణంలోనే మద్రాసు దగ్గరి కోవూరు సుందరేశ్వరుడి మీద అయిదు, తిరువొత్తియూరు త్రిపురసుందరి మీద అయిదు కీర్తనలు వచ్చాయి. గుడి దగ్గర తెర వేసి ఉండడం జరగని పనేం కాదు, ఆ తెరను చూసే ఈ పోలిక తట్టి ఉండవచ్చు కూడా. అయితే అద్భుతం జరిగిందన్న కథ పుట్టింది ‘తెర’ దగ్గర ఆగిపోయి ‘మత్సరము’ దాకా రానివాళ్ల వల్ల. తెలుగు రాని ఊళ్లలో తెలుగు పాట పాడుతూ వచ్చారు కాబట్టి అలా జరగడం సహజం. మనకు ఆ సాకు లేదు.

ప్రశ్న: 24 వేల కీర్తనలు, 96 కోట్ల రామనామం. ఈ లెక్కలు సాధ్యమేనా? – హైదరాబాదు పాఠకుడు

జవాబు: లెక్క వేయడం తేలిక. అరవై ఏళ్లు రాశాడనుకుంటే 24,000 అంటే ఏడాదికి 400, రోజుకు ఒకటికన్నా ఎక్కువ. ఇప్పుడు దొరుకుతున్నవి దాదాపు 700. 24,000 వాల్మీకి రామాయణ శ్లోకాల సంఖ్య. రామభక్తుడి పాటలకు రామాయణమంత కొలత ఇచ్చారు.

96 కోట్లకు సంప్రదాయం చెప్పే లెక్క రోజుకు లక్షా పాతిక వేలు, 21 ఏళ్లు. గుణిస్తే 95 కోట్ల 81 లక్షలు వస్తుంది. గుణకారం సరిగ్గానే ఉంది. కానీ రోజుకు ఉన్నవి 86,400 సెకన్లు. నిద్రాహారాలు లేకుండా జపించినా సెకనుకు ఒకటిన్నర సార్లు పడుతుంది. పన్నెండు గంటలే జపిస్తే సెకనుకు మూడు. ఆ 21 ఏళ్లలోనే ఉంఛవృత్తి (పాడుతూ ఇల్లిల్లూ తిరిగి బియ్యం తెచ్చుకోవడం), శిష్యులకు పాఠం, సంసారం కూడా ఉండాలి. దీన్ని ‘రామనామం ఆయన నోట ఆగేది కాదు’ అని చెప్పడానికి వాడిన సంఖ్యగా తీసుకోండి.

ప్రశ్న: ఆయన మనిషిగా ఎలాంటివాడు? కీర్తనల్లో ఒకచోట తనను తాను తిట్టుకుంటాడు, ఒకచోట రాముణ్ని దెప్పుతాడు, ఇంకోచోట లోకాన్ని వెక్కిరిస్తాడు. వీటిలో అసలు త్యాగయ్య ఎవరు? – కాకినాడ పాఠకురాలు

జవాబు: ఈసారి వచ్చినవాటిలో మాకు నచ్చిన ప్రశ్న ఇదే. ముందు ఒక హెచ్చరిక. కీర్తన డైరీ కాదు. ‘దుడుకు గల’ (గౌళ) చూడండి. ‘చిరుత ప్రాయమున నాడె భజనామృత రస విహీన కుతర్కుడైన’ అని తన గురించి తానే అంటాడు. చిన్ననాటి నుంచీ భక్తుడన్న కథలన్నిటికీ ఇది అడ్డం తిరుగుతుంది. అదే పాటలో ‘పరధనముల కొరకు నొరుల మది కరగబలికి కడుపు నింప తిరిగినట్టి’ అనీ అంటాడు. ఇది రాజు సొమ్ము కాదన్న మనిషి మాట. రెండూ అక్షరాలా నిజం కాలేవు. ఆ పాటలో మాట్లాడుతున్నది దేవుడి ముందు నిలబడ్డ ప్రతి మనిషీ. తనను తాను తగ్గించుకోవడం భక్తి కవిత్వంలో పాత మర్యాద. దాన్ని నేరాంగీకారంగా చదివితే తప్పులో కాలేసినట్టే.

మరి మనిషి ఎక్కడ దొరుకుతాడు? భక్తి మర్యాద అడగని మాట ఎక్కడ దొర్లుతుందో అక్కడ. ‘తెలియలేరు రామభక్తి మార్గమును’ (ధేనుక)లో ‘వేగ లేచి నీట మునిగి భూతి పూసి వేళ్ళనెంచి’ అంటాడు. తెల్లవారకముందే మునకలు, ఒంటినిండా విభూది, వేళ్ల మీద జపం లెక్క. బయటికి పెద్దమనుషులే, మనసు మాత్రం పైకం మీద. తానున్న తిరువయ్యారులో కావేరి మెట్ల మీద రోజూ చూసినవాడికి తప్ప ఇంత క్లుప్తంగా చెప్పడం కుదరదు. ‘గ్రహబలమేమి’ (రేవగుప్తి)లో జాతకాల లెక్కను ఒక్క ముక్కతో పక్కన పెట్టాడు. ఈ రెండు పాటల్లోని మనిషికి కన్నుంది, నాలుకకు పదునుంది.

‘దాశరథీ నీ ఋణము’ (తోడి) ఇంకో కోణం. ‘ఆశ తీర దూర దేశములను ప్రకాశింపజేసిన రసికశిరోమణి’ అని రాముడికి కృతజ్ఞత చెబుతాడు. తన పాటలు దూరదేశాలకు వెళ్లాయని ఆయనకు తెలుసు. దానికి సంతోషించాడు. ‘ఆశ తీర’ అన్నాడు కాబట్టి ఆ ఆశ తనకుండేదని ఒప్పుకున్నాడు. కీర్తి అంటే గిట్టని సన్యాసి అని చెప్పేవాళ్లు ఈ అనుపల్లవిని దాటేస్తుంటారు.

పాటలు పెదవి విప్పని చోట్లూ ఉన్నాయి. మొదటి భార్య పార్వతి పోయాక ఆమె చెల్లెల్ని పెళ్లాడాడని, సీతాలక్ష్మి ఒక్కతే కూతురని కథనాలు చెబుతాయి. ఇంటి ఆడవాళ్లు ఆయన్ని ఎలా చూశారో చెప్పే మాట ఒక్కటీ మనదాకా రాలేదు. రాసినవాళ్లంతా మగ శిష్యులు, వాళ్లు కూర్చున్నది పాఠం జరిగే అరుగు మీద. ‘సీతమ్మ మాయమ్మ’ (వసంత)లో తల్లి పేరు సీతమ్మ కాబట్టి శ్లేష ఉందంటారు. ఉండవచ్చు. తల్లితో ఆయన అనుబంధం ఎలాంటిదో ఆ శ్లేష చెప్పదు.

ప్రశ్న: శిష్యులే రాశారు కాబట్టి వాళ్ల మాటే ప్రమాణం కాదా? – బెంగళూరు పాఠకుడు

జవాబు: దగ్గరున్నవాడికి వివరం తెలుస్తుంది. దగ్గరున్నవాడే కథలో తనకూ చోటు చూసుకుంటాడు. రెండూ ఒకే సంఘటనలో కనిపించే సందర్భం ఒకటి ఉంది. త్యాగరాజు కూతురి పెళ్లికి వేంకటరమణ భాగవతార్ శ్రీరాముడి పటాన్ని మోసుకుంటూ కాలినడకన వచ్చాడని, దాన్ని చూసి గురువు ‘నను పాలింప నడచి వచ్చితివో’ (మోహన) పాడాడని వాలాజాపేట సంప్రదాయం. కథలో గురువు తరవాత గొప్పవాడు ఎవరు? కథ చెబుతున్న ఇంటి పెద్దే. అందుకని కొంచెం తగ్గించి వినాలి.

కానీ చరణం చూడండి. నీలమణి వంటి మేను, ‘ఉరమున ముత్యపు సరుల చయము’, చేతిలో బాణం, కోదండం, పక్కన ధరణితనయ. కళ్లముందు ఒక పటం పెట్టుకుని, పైనుంచి కిందికి చూస్తూ చెప్పినట్టే ఉంటుంది. పల్లవిలో ‘నడచి’ అన్న మాటకు కూడా ఈ సందర్భంలో అర్థం కుదురుతుంది. విగ్రహాల కథలో చరణం కథకు సాయం రాలేదు, ఇక్కడ వచ్చింది. తేడా అదే.

ఇంకొక జాగ్రత్త. శిష్యుల దారులు వేరైతే పాట కూడా వేరవుతుంది. మనంబుచావడి వేంకటసుబ్బయ్య నుంచి సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, ఆయన నుంచి పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, ఆయన నుంచి బాలమురళీకృష్ణ. ఈ వరస వల్లే కృష్ణా తీరంలో ఒక పాఠాంతరం నిలిచింది. వాలాజాపేట రాతప్రతిలో మాట ఇంకోలా ఉండవచ్చు. ఒక పదం మీద జీవిత సంఘటనను నిలబెట్టే ముందు కనీసం రెండు పాఠాంతరాలు చూడండి.

ప్రశ్న: పుట్టినరోజు మే 4 అంటారు, చైత్రమాసం అంటారు. చైత్రం మార్చి, ఏప్రిల్ కదా? ఆరాధన పుష్యమాసం. మరి 1846 రాయాలా, 1847 రాయాలా? – వరంగల్లు పాఠకురాలు

జవాబు: పంచాంగం మారడం వల్ల వచ్చిన చిక్కిది. సంప్రదాయం చెప్పేది సర్వజిత్తు సంవత్సరం, చైత్రమాసం, శుద్ధ సప్తమి, సోమవారం, పుష్యమీ నక్షత్రం. పుట్టిన ఊరు తిరువారూరు తమిళదేశంలో ఉంది. అక్కడి చిత్తిరై సౌరమాసం, ఏప్రిల్ నడుమ మొదలై మే నడుమ దాకా ఉంటుంది. మే 4 అందులో పడుతుంది. ఉగాదితో మొదలయ్యే మన చాంద్రమాన చైత్రం 1767లో అప్పటికే అయిపోయింది. మన లెక్కలో అది వైశాఖ శుద్ధంలోకి వస్తుంది. 1767 మే 4 సోమవారమే, ఆ మాట సరిపోయింది. జననం 1759 అనే వాదన కూడా ఉంది. అయితే ఎక్కువమంది వాడేది 1767.

మరణం పరాభవ సంవత్సరం. అది 1846 ఉగాదికి మొదలైంది. పుష్యం వచ్చేసరికి ఇంగ్లీషు సంవత్సరం మారిపోయింది. అందుకే 1847 జనవరి 6. పుష్య, మాఘ, ఫాల్గుణాల్లో జరిగినవాటికి ఈ పొరపాటు మామూలే. ఇంకొకటి, సంవత్సరం పేరు అరవై ఏళ్లకు తిరిగొస్తుంది. ఒట్టి ‘సర్వజిత్తు’ అంటే 1767 కావచ్చు, 1827 కావచ్చు.

ప్రశ్న: మా వయొలిన్ గురువుగారు నిరుడు పోయారు. శిష్యులం కలిసి స్మారక సంచిక తేవాలనుకుంటున్నాం. అందరూ ‘ఆయన దేవుడు’ అంటున్నారే తప్ప మనిషి కనబడడం లేదు. ఎలా మొదలుపెట్టాలి? – రాజమహేంద్రవరం పాఠకుడు

జవాబు: మనుషుల్ని అడిగే ముందు కాగితం పోగుచేయండి. కచేరీ కరపత్రాలు, ఆకాశవాణి కాంట్రాక్టు కాగితాలు, ఉత్తరాల మీది తపాలా ముద్రలు, శిష్యుల నోటుపుస్తకాలు. ఆకాశవాణి కాగితంలో తేదీ, వేళ, ఎన్ని నిమిషాలు, పారితోషికం ఉంటాయి. వీటన్నిటికీ ఏడాదికి ఒక పేజీ చొప్పున పెట్టండి. ఖాళీగా మిగిలిన పేజీలు కొన్ని కనిపిస్తాయి. మీరు మనుషుల్ని అడగాల్సింది ముఖ్యంగా ఆ ఏళ్ల గురించే.

తరవాత మనుషులు. ఎనిమిది నుంచి పన్నెండు మంది చాలు, వయసులో పెద్దవాళ్లతో మొదలుపెట్టండి. ఇంటివాళ్లు, శిష్యులు ఎలాగూ ఉంటారు. వాళ్లకన్నా పనికొచ్చేది పక్కవాద్యాల వాళ్లు. మృదంగం వాయించినాయన గురువుగారిని రైల్లో చూశాడు, గ్రీన్‌రూములో చూశాడు, డబ్బు తక్కువిచ్చిన సభ బయట చూశాడు. వయొలిన్ బాగుచేసినాయన్నీ, సభలో మైకు పెట్టినాయన్నీ వదలకండి.

ఒక్కొక్కరినీ విడిగా కలవండి. నలుగురు కూర్చుంటే పెద్దాయన చెప్పిందానికి మిగతా ముగ్గురూ తలూపుతారు, వారం తిరిగేసరికి అది నలుగురూ చూసిన సంగతి అయిపోతుంది. ఒకరు చెప్పింది ఇంకొకరికి చెప్పకండి. గంట, గంటంబావు దాటించవద్దు. వారం పదిరోజుల తరవాత మళ్లీ వెళ్లి ముఖ్యమైన సంఘటనను ఇంకోసారి అడగండి. రెండోసారి మాటకు మాట అచ్చంగా అదే వస్తే, చాలాసార్లు చెప్పి చెప్పి నున్నబడిన కథ అన్నమాట. కొత్త వివరాలు తడుముకుంటూ వస్తే నిజంగా గుర్తుచేసుకుంటున్నారని లెక్క.

‘ఆయన ఎలాంటివారు?’ అని అడిగితే ‘దేవుడు’ అనే వస్తుంది. తప్పు ప్రశ్నది. పొద్దున్న ఎన్నింటికి సాధన? ఎవరినీ రానివ్వని వేళ ఉందా? కచేరీ మధ్యలో తీగ తెగితే ఏం చేసేవారు? కచేరీకి ముందు ఏం తినేవారు? ఏ తప్పుకు ఊరుకునేవారు, ఏ తప్పుకు కమాను కింద పెట్టేసేవారు? ఏ వర్ణం నేర్పనన్నారు? పెట్టె ఎవరు మోసేవారు? స్వభావం ఇలాంటి జవాబుల్లో ఉంటుంది.

ఏడాది గుర్తులేదంటే తేదీ కోసం వేధించకండి. దివిసీమ ఉప్పెనకు ముందా, తరవాతా అనండి. అది 1977 నవంబరు 19. కోనసీమ తుఫాను 1996 నవంబరు 6. పిల్లల పెళ్లిళ్లు, ఇల్లు మారడం కూడా పనికొస్తాయి. ప్రతి సంఘటనకూ ఒక చీటీ రాసి అయిదు గళ్లు పెట్టండి: చెప్పిందెవరు, అక్కడున్నారా, లేకుంటే ఎవరి దగ్గర విన్నారు, ఏ ఏడు, కాగితం సాక్ష్యం ఉందా. రెండో గడిలో ‘లేరు’, అయిదో గడిలో ‘లేదు’ ఉన్న చీటీలు సంచికలో ‘అంటారు’ అన్న మాటతోనే అచ్చుకావాలి.

రికార్డు చేయడానికి ఫోను చాలు. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, మాట్లాడేవారికి అడుగున్నర దూరంలో, మెత్తటి గుడ్డ మీద ఉంచండి. ఫ్యాను ఆపండి, గొంతును మింగేసేది అదే. కుదిరితే వేవ్ ఫార్మాటులో తీయండి. మొదట తేదీ, ఊరు, పేరు మీ గొంతుతో చెప్పండి. ఇంటికి రాగానే రెండు ప్రతులు తీసి రెండు చోట్ల ఉంచండి.

పాత క్యాసెట్లు దొరికితే ముందు వెనకవైపు ప్లాస్టిక్ చెవులు విరిచేయండి, పొరపాటున చెరిగిపోకుండా. ప్లేయర్ హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, టేపును ఒకసారి ఆ కొసకూ ఈ కొసకూ తిప్పాకే వాయించండి. బూజు కనిపిస్తే మీరు ముట్టుకోవద్దు, తెలిసినవాళ్లకు ఇవ్వండి. వేగం సరిచూడకుండా మాత్రం ఏ మాటా అనకండి. వేగం ఆరు శాతం పెరిగితే శ్రుతి అర్ధస్వరం పైకి పోతుంది, ఒకటి శ్రుతి ఒకటిన్నరగా వినిపిస్తుంది. ‘వయసులో హెచ్చు శ్రుతి, దుడుకు నడక’ అని సంచికల్లో వచ్చే పొగడ్తల్లో కొన్ని టేపురికార్డరు మోటారుకు చెందాలి. 78 వేగం గ్రామఫోను ప్లేటు ఒక్కోవైపు మూడు నిమిషాలు, ఆ పైన కొంచెం. దాంట్లో ఆలాపన కురచగా ఉంటే అది ఆయన అభిరుచి కాదు, ప్లేటు కొలత.

చివరగా ఇంటివాళ్ల సంగతి. అప్పులు, తాగుడు, తెగిపోయిన శిష్యరికాలు బయటపడతాయి. అచ్చువేయవద్దంటే వేయకండి, బతికున్నవాళ్ల మనసు ముఖ్యం. ఆ చీటీలు మాత్రం చించవద్దు. కవర్లో పెట్టి, ఎప్పుడు తెరవచ్చో ఇంటివాళ్లతోనే రాయించుకోండి. ఇద్దరి కథనాలు పొసగకపోతే రాజీ కుదర్చకుండా రెండూ వేయండి.

ప్రశ్న: ‘ఎందరో మహానుభావులు’ షట్కాల గోవింద మారార్ కోసం అప్పటికప్పుడు కట్టిందేనా? – విశాఖపట్నం పాఠకుడు

జవాబు: కేరళ గాయకుడు మారార్ తిరువయ్యారు వచ్చి పాడాడన్న సంప్రదాయం బలంగా ఉంది. కానీ కీర్తనలో ఆయన పేరు లేదు. అంతకుముందే ఉన్న కీర్తనను ఆ రోజు శిష్యులచేత పాడించారన్న మాట కూడా ఉంది. ఘనరాగ పంచరత్నాల్లో ఒకటైన అంత పెద్ద కృతి విషయంలో మాకు రెండోదే సబబుగా తోస్తుంది.

ప్రశ్న: ‘గిరిపై నెలకొన్న’ (సహాన)లో చావు తేదీ ముందే చెప్పాడంటారు. పది రోజులా, అయిదు రోజులా? – మచిలీపట్నం పాఠకురాలు

జవాబు: చరణంలో ఉన్నది ‘పది పూటలపై కాచెదనను’. సంప్రదాయం పుష్య శుద్ధ ఏకాదశినాడు కల వచ్చిందని, పది రోజులకు సిద్ధి అని చెబుతుంది. ఏకాదశి నుంచి బహుళ పంచమికి, రెండు చివరలూ కలుపుకుంటే సుమారు పది రోజులు వస్తుంది కూడా. చిక్కల్లా ‘పూట’ దగ్గర. మన ఇళ్లలో రోజుకు రెండు పూటలు, కాబట్టి పది పూటలు అయిదు రోజులే. పూటను రోజుగా చదివిన వ్యాఖ్యాత తమిళుడో తెలుగువాడో గానీ, తేదీ తెలిశాక లెక్క కుదిర్చి ఉంటాడని మా అనుమానం. మీ ఇంట్లో పెద్దవాళ్లు పూటను ఏ అర్థంలో వాడేవారో రాసి పంపండి.